మాండెల్లో నుంచి ముజెల్లో దాకా

టాపెట్లు, అంటే ఇంజను వాల్వుల దగ్గరుండే సన్నటి ఖాళీలు, చల్లటి ఇంజను మీదే చూసుకోవాలి. అందుకని ముందురోజు బండి అసలు స్టార్ట్ చెయ్యకుండా ఉంచి, పొద్దున్నే ఐదున్నరకల్లా మిలాన్‌లో మేముండే ఇంటి వెనక పెరట్లో స్పానర్లు పరుచుకుని కూర్చున్నాను. బండి 1978 నాటి మోటో గుట్సి 850 టీ3. వయసులో నాకంటే పెద్దది. నా చేతికొచ్చి ఆరేళ్ళయింది.

ఈ ఇంజను అమరికే వేరు. రెండు సిలిండర్లూ 90 డిగ్రీల ‘వి’ ఆకారంలో చెరో పక్కకీ పొడుచుకొచ్చి ఉంటాయి. పక్కన చిన్న పీట వేసుకుంటే సిలిండర్ హెడ్డు మన ఛాతీకి ఎదురుగా ఉంటుంది. పెట్రోలు ట్యాంకు విప్పనక్కర్లేదు, ఇంకేదీ కదపక్కర్లేదు. బోల్టులు తీసి మూత పక్కన పెడితే వాల్వుల్ని నొక్కి తెరిచే మీటలు, రాకర్లు, కనిపిస్తాయి. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఐదో గేరులో వేసి, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు ఆనించాను. లోపలి గాలి వేలిని పైకి తోసిందంటే పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వస్తోందన్నమాట. గేర్‌బాక్సు ముందున్న చిన్న రబ్బరు బిరడా తీసి చూస్తే ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీల్, మీద ‘డి’ అక్షరం గీత దగ్గరికి వచ్చి ఆగింది. ఇటాలియన్‌లో దెస్త్రా అంటే కుడి, సినిస్త్రా అంటే ఎడమ. ‘డి’ కుడి సిలిండరుకి, ‘ఎస్’ ఎడమదానికి. ఇక సందులు కొలిచే రేకుల కట్ట, ఫీలర్ గేజ్‌లో 0.22 మిల్లీమీటర్ల రేకు తీసి వాల్వుకీ రాకర్‌కీ మధ్య దూర్చాలి. రేకు జారుతున్నప్పుడు సన్నటి పట్టు తెలియాలి, కొత్త పుస్తకంలో అంటుకున్న పేజీలను విడదీసినట్టు. వదులుగా ఆడినా, ఇరుక్కుపోయినా లాక్‌నట్టు విప్పి మళ్ళీ సరిచెయ్యాలి. ఇది రాసి చెప్తే వచ్చేది కాదు, వేలికే తెలియాలి.

ఆ పని సగంలో ఉండగా మా బావ లేచి వచ్చాడు. ఆయన అంతకు ముందు సాయంత్రమే మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా తన డుకాటీ మల్టీస్ట్రాడా వీ4 మీద వచ్చాడు. 170 హార్స్‌పవర్ బండి. ముందొకటి, వెనకొకటి రాడార్లు. ముందున్న వాహనానికి దూరాన్ని అదే చూసుకుంటుంది, పక్కనించి ఎవరైనా వస్తుంటే అద్దంలో దీపం వెలిగిస్తుంది.

“ఇది ఎన్ని కిలోమీటర్లకోసారి చెయ్యాలిరా?” అని అడిగాడు.

“మూడు వేలకి, బావా.”

“నా దానికి అరవై వేలకి. రెండేళ్ళయింది కొని, ఇంతవరకూ నా ఇంజను ఎలా ఉంటుందో చూడలేదు” అన్నాడు. గొప్పగా చెప్పుకోలేదు, ఉన్నమాట చెప్పాడంతే. ఆ మాట మా మూడు రోజుల యాత్ర పొడుగునా నాతోనే ప్రయాణం చేసింది.

పాత బండి పెట్టుకోవడం ఇక్కడ జనం భయపడేంత కష్టం కాదని చెప్పాలి. 30 ఏళ్ళు దాటిన బండికి యాజమాన్యపు పన్ను మినహాయింపు ఉంది. రెండేళ్ళకోసారి తనిఖీ మాత్రం దీనికీ తప్పదు. గుట్సి ఈ పెద్ద వీ-ట్విన్ కుటుంబాన్ని దశాబ్దాల తరబడి తయారుచేసింది కాబట్టి గాస్కెట్లు, కేబుళ్ళు, క్లచ్ ప్లేట్లు ఇప్పటికీ దొరుకుతాయి. ఇరవయ్యేళ్ళ కిందటి ఎలక్ట్రానిక్ మీటరు పాడైతే దొరకడం కష్టమేమో గానీ, దీని కార్బురేటర్‌కి వాషర్లు ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు.

తొమ్మిదింటికి బయల్దేరాం. మొదటి మజిలీ నా బండి పుట్టిల్లు, మాండెల్లో దెల్ లారియో. లెక్కో ఊరు దాటాక రోడ్డు సరస్సు ఒడ్డునే పోతుంది. ఎడమన కోమో సరస్సు తూర్పు పాయ, కుడిపక్క గ్రిన్యే కొండలు నిలువుగా. ఇంత ఇరుకైన ఒడ్డు మీద ఒక మోటార్‌సైకిల్ కర్మాగారం వందేళ్ళకు పైగా నిలబడిందంటే చూస్తేగానీ నమ్మబుద్ధి కాదు.

అక్కడి గుట్సి మ్యూజియంలో నన్ను ముందుగా ఆపింది బండి కాదు, రెక్కలు చాచిన గద్ద గుర్తు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ నౌకాదళ వైమానిక విభాగంలో కలిసి పనిచేసిన ముగ్గురు, కార్లో గుట్సి, జోర్జో పరోది, జొవాన్ని రవెల్లి, యుద్ధం అయ్యాక మోటార్‌సైకిళ్ళు చెయ్యాలని మాట అనుకున్నారు. గుట్సికి యంత్రం తెలుసు, పరోది ఇంట్లో డబ్బుంది, రవెల్లి పందేలు నడిపినవాడు. 1919లో విమాన ప్రమాదంలో రవెల్లి పోయాడు. 1921లో మిగతా ఇద్దరూ కంపెనీ పెట్టినప్పుడు అతని జ్ఞాపకంగా వైమానికుల గద్దని ట్యాంకు మీద వేశారు. నా బండి ట్యాంకు ఎన్నిసార్లు తుడిచి ఉంటానో. ఆ రోజు నుంచీ ఆ గద్ద మీద గుడ్డ పడినప్పుడల్లా చెయ్యి నెమ్మదిస్తుంది.

లోపల 1921 నాటి నొర్మాలే ఉంది. 500 సీసీ, పడుకోబెట్టిన ఒకే సిలిండర్, బయటికే తిరిగే పెద్ద ఫ్లైవీల్. ఆ ఫ్లైవీల్‌ని చూసి ఇటాలియన్లు ఈ బండ్లకి మాంసం పలచగా కోసే యంత్రం పేరు పెట్టారు. పక్కనే కార్లో అన్న జుసెప్పే గుట్సి 1928లో నార్వే చివరనున్న నార్త్ కేప్ దాకా నడిపిన యాత్ర కథ. వెనక చక్రానికి స్ప్రింగులుంటే బండి నిలకడ తప్పుతుందని అందరూ అనుకునే రోజుల్లో, స్ప్రింగులున్న ఫ్రేము చేసి, దాని మీద తనే కూర్చుని అంత దూరం పోయి నిరూపించాడు. నాకు తెలిసినంతలో యంత్రం గురించి ఇంతకంటే నిజాయతీగా వాదించినవాళ్ళు లేరు.

జూలియో చెజారే కర్కానో రూపొందించిన 1955 నాటి ఎనిమిది సిలిండర్ల రేసు బండి ముందు బావ చాలాసేపు నిలబడ్డాడు. 500 సీసీకి ఎనిమిది సిలిండర్లు! ఒక్కో పిస్టన్ టీ గ్లాసు కంటే చిన్నది. 1957 ముగిసేసరికి గుట్సి రేసుల నుంచి తప్పుకుంది. ఆ కర్కానోయే తర్వాత అతి సాదాసీదా వీ-ట్విన్ ఇంజను గీశాడు. 1967లో వీ7 పేరుతో అది రోడ్డెక్కింది. దాన్నుంచి కోరింది ఇంతే: పోలీసులు రోజంతా నడపాలి, తక్కువ పరికరాలతో బాగుచేసుకోవాలి, గొలుసు గొడవ ఉండకూడదు. పొద్దున్న నేను పీట మీద కూర్చుని ముట్టుకున్న రాకర్లు ఆ వంశానివే. ఎనిమిది సిలిండర్ల చేత్తోనే ఇదీ చేశాడంటే ఆయన మీద నాకు గౌరవం రెండింతలయింది.

బయటికొచ్చి స్టార్ట్ చేసి బావకి ఒక సంగతి చూపించాను. న్యూట్రల్లో ఎక్సలేటర్ ఒక్కసారి తిప్పితే బండి కుడివైపుకి ఒరుగుతుంది. పిస్టన్లు తిప్పే ఇరుసు, క్రాంక్‌షాఫ్ట్, బండి పొడవునా ఉండటం వల్ల అది తిరిగే ఊపుకి ఇంజను ఎదురు తిరుగుతుంది. మొదట్లో భయపెట్టే ఆ కదలిక ఇప్పుడు లేకపోతే నాకు తోచదు.

మధ్యాహ్నం నుంచి పో నది మైదానం. దాని గురించి చెప్పేదేమీ లేదు. ఎండ, లారీలు, మొక్కజొన్న చేలు. పియచెంజా దగ్గర రోమన్లు వేసిన వియా ఎమీలియా రోడ్డు పట్టుకుని బొలోన్యా చేరాం.

మర్నాడు బొలోన్యాలోనే డుకాటీ ఉన్న చోటు, బోర్గో పనిగాలె. ఇది బావ వంతు. డుకాటీ 1926లో రేడియో విడిభాగాలు చేసే సంస్థగా మొదలైంది. 1944 అక్టోబరులో బాంబుదాడిలో ఇక్కడి కర్మాగారం ధ్వంసమైంది. యుద్ధం అయ్యాక జనానికి కావలసింది చవకగా నడిచే వాహనం. సైకిలుకి తగిలించుకునే 48 సీసీ ఇంజను, కుచ్చోలో, దాంతోనే డుకాటీ రెండు చక్రాల దారి పట్టింది. కుచ్చోలో అంటే కుక్కపిల్ల. ఆ శబ్దానికి తగిన పేరు.

మ్యూజియంలో ఎక్కువసేపు గడిపింది ఫాబియో తల్యోని డెస్మో యంత్రం దగ్గర. మామూలు ఇంజనులో వాల్వుని క్యామ్ అనే ఉబ్బెత్తు ఇరుసు తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. స్ప్రింగున్న తలుపుని ఎంత వేగంగా తెరిచి వదిలినా అది తన వేగంతోనే మూసుకుంటుంది కదా. ఇంజను వేగం హద్దు దాటితే వాల్వు మూసుకునేలోపే మళ్ళీ తెరవాల్సిన సమయం వస్తుంది. తల్యోని వాల్వుని మూయడానికి కూడా ఇంకో క్యామ్, ఇంకో రాకర్ పెట్టాడు. తెరిచే చెయ్యే మూస్తుంది. ఈ ఆలోచన ఆయన కంటే ముందునుంచీ ఉన్నా, నమ్మకంగా పనిచేయించి 1956లో స్వీడన్‌లో 125 సీసీ బండితో గెలిపించింది ఆయనే. 1972లో ఇమోలాలో పాల్ స్మార్ట్, బ్రూనో స్పజ్జారి మొదటి రెండు స్థానాలు తెచ్చినవీ డెస్మో బండ్లే.

బావ ముఖం వెలిగిపోయింది. “అయితే నా బండిలోనూ ఇదే ఉంటుందన్నమాట!”

“లేదు బావా. మీ వీ4 ఇంజనులో స్ప్రింగులే. అందుకే అరవై వేలకి ఒకసారి చూస్తే చాలు.”

కాసేపు మాట్లాడలేదు. అది తక్కువ ఇంజనని కాదు. లోహం, స్ప్రింగులు ఇన్నేళ్ళలో మెరుగయ్యాయి, దూర ప్రయాణాల బండికి ఆ నిర్ణయం సరైనదేనని నా నమ్మకం. కానీ రెండేళ్ళుగా తన కాళ్ళ మధ్య తిరుగుతున్న ఇంజను గురించి ఒక గాజుపెట్టె ముందు నిలబడి తెలుసుకోవలసి రావడం ఆయనకి నచ్చలేదు. అక్కడే మస్సిమో తంబురీని రూపకల్పన చేసిన 1994 నాటి డుకాటీ 916ని చూస్తున్న ఒక పెద్దాయన మాటలు కలిపాడు. ఆయన ఇంట్లో ఒకటుందట. “నడిపినా నడపకపోయినా రెండేళ్ళకోసారి క్యాముల్ని తిప్పే టైమింగ్ బెల్టులు మార్చాల్సిందే. తెగిందా, పిస్టన్ పోయి వాల్వుకి కొట్టుకుంటుంది” అన్నాడు. ఆ ఖర్చు గురించి ఆయన ఫిర్యాదు చెయ్యలేదు. మందుబిళ్ళ వేళ చెప్పినంత మామూలుగా చెప్పాడు.

మూడోరోజు ఫ్లోరెన్స్ వైపు పాత కొండదారి. పియనోరో, లొయానో, మొంగిదోరో, ఆపైన 968 మీటర్ల రతికోజా కనుమ, ఆ తర్వాత ఫూతా. మిల్లే మిల్యా అనే పేరుపడ్డ రోడ్డు రేసులో కార్లు పరుగెత్తిన దారి ఇది. మలుపు వెనక మలుపు. గుట్సికి ఇక్కడ తొందర నచ్చదు. మలుపుకి ముందే గేరు దించి, లోపల సన్నగా ఎక్సలేటర్ పట్టి ఉంచితే బండి ఉయ్యాలలా ఊగుతూ పోతుంది. దీని బ్రేకులూ వేరే: కాలి పెడల్ నొక్కితే వెనక డిస్కూ ముందు ఎడమ డిస్కూ కలిసి పడతాయి, చేతి లీవర్ ముందు కుడిదానికి మాత్రమే. నమ్మితే ఎంతో హాయి. దాటిపోయే ఇటాలియన్లు దారిచ్చినందుకు కుడికాలు పక్కకి చాచి థాంక్స్ చెప్తుంటే ప్రతిసారీ మనసుకి బాగుండేది.

లొయానో దాటాక క్లచ్ లీవర్ ఒక్కసారిగా పట్టు లేకుండా హ్యాండిల్‌కి తగిలింది. కేబుల్ తెగింది. ఎక్సలేటర్ తగ్గించి గేరు న్యూట్రల్‌కి తన్ని పక్కన ఆపాను. రెండు వారాలుగా లీవర్ వదులవుతూనే ఉంది, నేను అడ్జస్టర్ బిగించుకుంటూ వచ్చాను. లోపల పోగులు ఒక్కొక్కటే తెగుతున్నాయన్న సంగతి అదే చెప్తోంది, నేనే వినలేదు. బయటికి లాగి చూస్తే చివరి సీసపు గుండు దగ్గర తీగ పాత చీపురులా విచ్చుకుపోయి ఉంది, మిగిలిన ఒక్క పోగూ మెరుస్తోంది, తాజాగా తెగింది కాబట్టి.

సీటు కింద కొత్త కేబుల్ ఉంది. బావ హెల్మెట్ తీసి గుండ్రాయి మీద పెట్టి, గేర్‌బాక్సు వెనకున్న క్లచ్ చేతిని ముందుకి తోసి పట్టుకున్నాడు. “గట్టిగా, బావా, ఇంకొంచెం.” మణికట్టు దాకా నల్లటి జిడ్డు. నేను కేబుల్ గుండుని దాని గాడిలో కూర్చోబెట్టాను. ఇంతలో ఆరంజ్ రంగు లవెర్దా 750 మీద వచ్చిన ఒకాయన అడక్కుండానే ఆగాడు. కేబుల్ చూసి, ఒక ఉపాయం చెప్పాడు: కేబుల్‌ని నిలువుగా వేలాడదీసి, ప్లాస్టిక్ సంచి మూల కత్తిరించి పైచివరన గట్టిగా చుట్టి, అందులో నూనె పోసి రాత్రంతా వదిలెయ్యాలి. తెల్లారేసరికి కింద చుక్క కనిపిస్తే పోగు పోగుకీ నూనె పట్టినట్టు. అరగంటలో మళ్ళీ రోడ్డెక్కాం. లీవర్ ఎంత తేలికైపోయిందో చెప్పలేను.

ఫూతా పైన జర్మన్ సైనికుల శ్మశానం దగ్గర వాన అందుకుంది. 30 వేలకు పైగా సమాధులు, కొండ చుట్టూ సుడి తిరిగినట్టు. ఇద్దరం ఇంజన్లు ఆపి కాసేపు తడుస్తూనే నిలబడ్డాం. అక్కడినుంచి కిందికి దిగడమే, తడిరోడ్డు మీద బావ ముందు, నేను వెనక. ముజెల్లో లోయలోకి వచ్చేసరికి ఎండ. స్కర్పేరియా ఊరికి కొద్ది దూరంలోనే 5.245 కిలోమీటర్ల రేసు ట్రాక్. గేట్లు మూసి ఉన్నాయి. కొండ మీద నుంచి ఒక మలుపు మాత్రం కనిపించింది, దానికే సంతోషపడ్డాం.

సాయంత్రం బస దగ్గర నా బండి వెనక, గొలుసుకి బదులు చక్రాన్ని తిప్పే షాఫ్ట్ డ్రైవ్ నుంచి నూనె ఏమైనా కారుతోందేమోనని చూస్తుంటే బావ సీటు ఎత్తి పరికరాల సంచి తీశాడు. ప్లాస్టిక్ తొడుగు కూడా విప్పలేదు ఇంతవరకూ.

“వాన పడింది కదా, నా గొలుసుకి ఏం చెయ్యాలో చెప్పరా.”

ముందు తుడవాలని చెప్పి పాత గుడ్డ ఇచ్చాను. గొలుసు కింది వరస మధ్యలో వేలు పెట్టి పైకీ కిందికీ కదిపి ఎంత ఆడుతోందో చూడమన్నాను. ఆయన నేల మీద కూర్చుని వేలితో రెండుసార్లు కదిపాడు, మూడోసారి కళ్ళు మూసుకుని కదిపాడు. తర్వాత ఒక్కో లింకూ తుడుచుకుంటూ, గుడ్డ ఆగినచోటల్లా తల ఎత్తకుండానే, “కొంచెం ముందుకి తొయ్యి” అన్నాడు. నేను హ్యాండిల్ పట్టుకుని బండిని జానెడు ముందుకి తోశాను.