మినెసోటాలో రియల్ ఐడీ: నా అనుభవం

రియల్ ఐడీ, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం రాష్ట్రాలు ఇచ్చే నక్షత్రం గుర్తున్న లైసెన్సు, ఎట్టకేలకు పోస్టులో వచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను, కొత్తగా వచ్చే మనవాళ్ళకు పనికొస్తుందని.

దేశం లోపల విమానం ఎక్కాలన్నా రియల్ ఐడీయో, పాస్‌పోర్టు లాంటి మరో గుర్తింపో చూపించాలన్న నిబంధన 2025 మే 7 నుంచి అమలవుతోంది. చట్టం మాత్రం 2005 నాటిది. మెయిన్ రాష్ట్రం 2007లోనే మాకొద్దంది. మా మినెసోటా అయితే 2009లో దీన్ని అమలు చేయకూడదని ఏకంగా చట్టమే చేసింది. ఖర్చు రాష్ట్రాల నెత్తిన పడుతుంది, జనం కాగితాలన్నీ స్కాన్ చేసి దాచాలి, ఆ వివరాలు వేరే రాష్ట్రాలకూ అందాలి. ఇవీ అభ్యంతరాలు. ఇక్కడి లైసెన్సుతో విమానం ఎక్కనివ్వరన్న ఒత్తిడికి 2017లో దిగొచ్చి, 2018 అక్టోబరు నుంచి కార్డులివ్వడం మొదలుపెట్టింది.

ఆన్‌లైన్ దరఖాస్తు, ఫోటో, కంటి పరీక్ష ఇట్టే అయిపోయాయి.

పేరు దగ్గర ఆగిపోయింది. నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు, పేరు కలిపే ఉన్నాయి. పాస్‌పోర్టులోనూ అలాగే వచ్చింది, ఇంటిపేరు గడి ఖాళీ. దాంతో వీసాలో నా పేరంతా ఇంటిపేరైపోయి, మొదటి పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ అని పడింది. అంటే మొదటి పేరు తెలియదని. చిరునామా కోసం ఇచ్చిన అద్దె ఒప్పందంలో, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మాత్రం పేరు రెండు ముక్కలుగా ఉంది. లైసెన్సు ఆఫీసు కౌంటర్‌లో ఆవిడ హాలంతా వినబడేలా "నీకు పేరే లేదా?" అంది. వెనక లైన్లో వాళ్ళు తలలు తిప్పి చూశారు. మా నాన్న పెట్టిన పేరు అన్ని కాగితాల్లోనూ ఉంది. అయినా ఇవి ఒకే మనిషివని నమ్మడం కుదరదంది. పై అధికారిని పిలవమంటే విసుక్కుంది. ఎవరైనా సరే, అక్కడ గొంతు తగ్గించకండి. నేను కదల్లేదు. ఆయన వచ్చి పేరు ఐ-94లో (అమెరికాలోకి ఎప్పుడొచ్చామో, ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) ఉన్నట్టే ఎక్కించి, ఇమ్మిగ్రేషన్ రికార్డుల అదనపు పరిశీలనకు పంపాడు. బ్యాంకులోనూ, అపార్ట్‌మెంట్ ఆఫీసులోనూ పేరు మార్పించుకుని మళ్ళీ వెళ్ళాను. ఉద్యోగం సంగతేమోగానీ, ఆ ఎదురుచూపు టెన్షన్‌కే నిద్ర పట్టలేదు.

దీనివల్ల విమానంలో ఎవరి భద్రత పెరిగిందో నాకర్థం కాలేదు. మన ఇండియన్ పాస్‌పోర్టు చూపించినా దేశీయ విమానం ఎక్కనిస్తారు. కాబట్టి ఊళ్ళు తిరిగే పని తక్కువుంటే ఈ కార్డు కోసం పరుగులు పెట్టకండి. ఇంకా ఇండియాలోనే ఉన్నవాళ్ళు మాత్రం వీసాకు ముందే పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా రాయించుకోండి. ఏజెంటు "ఏం ఫరవాలేదండీ" అంటాడు, వినొద్దు.

కార్డు మీద గడువు నా ఐ-94 ఉన్నంతవరకే. వీసా పొడిగింపు వచ్చాక మళ్ళీ అదే ఆఫీసు. అందుకే పాస్‌పోర్టులో పేరు సరిచేయించుకోవడానికి ఇప్పుడే దరఖాస్తు పెట్టేశాను.