నాన్న ఎక్స్‌రేలో ఎర్ర మచ్చ

నాన్న దగ్గు నెల దాటినా తగ్గకపోయేసరికి గాజువాక నుంచి సిటీలోని ఒక స్కానింగ్ సెంటర్‌కి తీసుకెళ్లాను. ఎక్స్‌రే తీసిన కాసేపటికే కాగితం చేతికొచ్చింది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఎర్రరంగు పులిమినట్టు మచ్చ, పక్కన ‘టీబీ 0.91’. ఏఐ చదివిందట. “తొంభై ఒక్క శాతం టీబీయే మేడమ్” అన్నాడు కౌంటర్లో కుర్రాడు, కరెంటు బిల్లు చెప్పినంత తేలిగ్గా.

“మళ్లీనా?” అన్నారు నాన్న.

ఆ మాటతో గుర్తొచ్చింది. 1998లో ఆయనకి టీబీ వచ్చి, ఆరు నెలలు మందులు మింగారు. ఆ సంగతి అక్కడ ఎవరూ అడగలేదు. ఫారంలో వయసు, ఫోన్ నంబరు తప్ప ఇంకేమీ రాయనివ్వలేదు.

ఇంటికెళ్లి బీరువా వెనక వెతికితే పాత ఫిల్మ్ దొరికింది, ఒక మూల లేకుండా. 1999 ఆగస్టులో గ్రహణం చూడ్డానికి నేనే కత్తిరించాను (అలా చూడకూడదని అప్పుడు మాకెవరికీ తెలీదు). కిటికీ వెలుగులో పెడితే మచ్చ సరిగ్గా అదే చోట ఉంది.

ఛాతీ డాక్టరు గారు రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. “0.91 అంటే 91 శాతం టీబీ అని కాదమ్మా, అనుమానం ఎక్కువగా ఉంది, పరీక్ష చేయించమని. నయమైన టీబీ మచ్చల దగ్గర, పెద్దవయసు వాళ్లలో ఈ ఏఐలు ఎక్కువ పొరబడతాయి” అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 ఏళ్లు, ఆపైబడిన వాళ్లకి ఈ సాఫ్ట్‌వేర్లు వాడొచ్చని చెప్పిందిగానీ, తేల్చాల్సింది మాత్రం గళ్ల (కఫం) పరీక్షేనట.

ఆ గళ్లే రాలేదు. మొదటి డబ్బా “ఇది ఉమ్ము” అని ల్యాబ్ వాళ్లు తిప్పి పంపేశారు. చివరికి ఉప్పునీటి ఆవిరి పట్టించి తీశారు. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. నెగెటివ్.

మరి దగ్గు? “పొడి దగ్గేగా, బీపీకి ఏం వాడుతున్నారు?” అని స్ట్రిప్పు తిప్పి చూశారు డాక్టరు గారు. రామిప్రిల్. కొంతమందికి దానితో దగ్గు వస్తుందట. వేరే మాత్ర రాశారు. మూడో వారానికల్లా దగ్గు పోయింది.

ఫిల్మ్ ఇప్పుడు కొత్త కవర్లో ఉంది. నాన్న పైన పెద్దక్షరాలతో రాశారు: ‘1998. కత్తిరించరాదు.’