స్వామిమలైలో మట్టి మూసలు

కుంభకోణం నుంచి స్వామిమలై ఎంతో దూరం లేదు. బస్సులో ఉన్నవాళ్లలో చాలామంది కుమారస్వామి దర్శనానికి దిగారు. నేను దిగింది ఇక్కడ కంచు విగ్రహాలు పోతపోసే మట్టి మూసల కోసం. పదకొండేళ్లుగా వేడి వాయువుతో తిరిగే టర్బైన్ల బ్లేడ్లు పోతపోసే కర్మాగారంలో పనిచేస్తున్న నాకు ఇది ముత్తాతల ఊరికి వెళ్లినట్టే.

మా పనిని ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్ అంటారు. ఆ పేరు విని పెట్టుబడుల వ్యవహారం అనుకునేవాళ్లు నాకు చాలామందే తగిలారు. ఆ మాటకు పాత అర్థం తొడుగు తొడగడం. మైనపు బొమ్మకు తొడుగు వేసి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. మొహెంజొదారో నర్తకి, పదిన్నర సెంటీమీటర్ల ఆ కంచు పిల్ల, ఇలా పుట్టిందే. 12వ శతాబ్దంలో చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసం అనే గ్రంథంలో ఈ పద్ధతినే వివరించాడు.

పనిశాలలో పెద్ద స్థపతి గారు తేనెమైనం, గుగ్గిలం, వేరుశనగ నూనె కలిపిన ముద్దతో అమ్మవారి చెయ్యి మలుస్తున్నారు. చూడమని నా చేతికిచ్చారు. నిమిషం తిరగకుండానే ఒక వేలు వంగిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నవ్వి, దాన్ని చన్నీళ్లలో వేసి, “చేతి వేడి చాలు దానికి” అన్నారు. మా మైనం గదికి ఏసీ పెట్టింది కూడా అందుకే.

బొమ్మకు మొదటి పూత కావేరి ఒండ్రుమట్టి. గోటి గీతను కూడా పట్టేసేంత మెత్తన. ఆపైన ఇసుక కలిపిన ముతక మట్టి. మేమూ అంతే: ముందు జిర్కాన్ అనే ఖనిజపు సన్నటి పిండి కలిపిన ద్రవంలో ముంచుతాం, తర్వాతి పూతలు ముతకవి. తేడా మైనం తీయడంలో ఉంది. మా పూతలు కట్టే పెంకు పలచన. నెమ్మదిగా వేడిచేస్తే మైనం కరిగేలోపే ఉబ్బి దాన్ని పగలగొడుతుంది. అందుకే ఒక్కసారిగా అధిక పీడనపు ఆవిరిలోకి తోస్తాం. ఇక్కడ పిడకల మంట. “పగలదా?” అని అడిగితే, ఆయన మూస చుట్టూ బిగించిన ఇనుప తీగను వేలితో మీటి చూపించారు.

మైనాన్ని ముందే తూచి, దాన్నిబట్టి లోహం లెక్క కడతారు. నేను ఫోనులో సాంద్రతలు భాగించి చూశాను. కంచు దాదాపు తొమ్మిది రెట్లు. ఆయన నా ఫోను వైపు చూడనైనా లేదు.

మా బ్లేడు లోహం కరిగే వేడి కంటే దాని చుట్టూ పారే వాయువే ఎక్కువ వేడిగా ఉంటుందనీ, లోపలి సన్నటి దారుల్లో చల్లగాలి పారడం వల్లే అది నిలుస్తుందనీ చెప్పాను. ఆ దారులు ఎలా వస్తాయని అడిగారు. మైనం లోపల పింగాణీ కడ్డీ పెట్టి, పోత అయ్యాక క్షారంలో కరిగిస్తామన్నాను. కాసేపు ఆలోచించి, “మేం పోసే ఉత్సవమూర్తి లోపల బోలు ఉండకూడదు” అన్నారు.

సాయంత్రం చల్లారిన మూసను సుత్తితో పగలగొట్టారు. మా దగ్గర మైనం బొమ్మలు తీసే అచ్చు మిగులుతుంది, దాంతో వేలకొద్దీ తీస్తాం. ఇక్కడ మైనం పోయింది, మూస పోయింది. కాళ్ల దగ్గర పడిన పెంకు ఒకటి తీసి చూశాను. లోపలివైపు కడియం పూసలన్నీ తిరగబడి అచ్చుపడి ఉన్నాయి. అడిగి, జేబురుమాలులో చుట్టుకున్నాను.