ఒక పాదం తేడా

బుధవారం, రాత్రి పదకొండున్నర, సువాన్, దక్షిణ కొరియా.

ఈరోజు తైక్వాండో క్లాసులో గంటసేపు ఒక్క తేగుక్ ఇల్జాంగే చేశాను, ఇంకేం చేయలేదు. రెండేళ్ల కింద తెల్ల బెల్ట్ కట్టుకున్న కొత్తలో నేర్చుకున్న మొదటి పూమ్సే అది, పూమ్సే అంటే ఒక వరసలో చేసే కదలికల పాఠం, మొత్తం కలిపి 18 కదలికలు, మా దోజాంగ్‌లో, అంటే తైక్వాండో నేర్పే చోట, ఏడేళ్ల పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా చేసేస్తారు. 1 దన్, అంటే మొదటి బ్లాక్ బెల్టు, పరీక్షకి ఇంకా పదిహేడు రోజులే ఉంది, నేనేమో ఎనిమిదో పూమ్సే పల్జాంగ్‌లో ఎగిరి రెండు కాళ్లతో తన్నే చోట తడబడుతున్నా, ఇవాళ దాని మీదే పడతారు అనుకుంటూ వెళ్తే మా పెద్ద గురువు క్వాన్‌జాంగ్‌నిమ్ ఇల్జాంగ్ చెయ్యమన్నారు. పిక్కలు పట్టేశాయి, నిద్ర రావట్లేదు, అందుకే రాస్తున్నా.

పొద్దున అంతా మామూలే. మావాణ్ణి స్కూల్‌కి పంపడం, మా ఆయన బాక్స్, గిన్నెలు. బయట గింగ్కో చెట్ల ఆకులన్నీ రాలి రోడ్డంతా పసుపు పరిచినట్టుంది, చూడ్డానికి ఎంత బావుంటాయో కింద పడి నలిగిన ఆ కాయలు అంత కంపు కొడతాయి, చెప్పులకి అంటుకుంటే ఇంట్లోకి వచ్చేస్తుంది కూడా. అమ్మ ఫోన్ చేసింది. ఎప్పుడూ అడిగినట్టే కరాటే పరీక్ష ఎప్పుడమ్మా అంది, తైక్వాండో అని రెండేళ్లుగా చెప్తున్నా కానీ అమ్మకి అన్నీ కరాటేనే, మా ఊళ్లో అందరికీ అంతే. మోకాలు జాగ్రత్త, ఎవరైనా తంతే పక్కకి జరుగు అంది. సరేనన్నా.

దోజాంగ్ మా అపార్ట్‌మెంట్ గేటు ఎదురు బిల్డింగ్‌లో మూడో అంతస్తు, కింద ట్యూషన్ సెంటరు, ఇంకా కింద చికెన్ షాపు. మధ్యాహ్నం నుంచీ పసుపు వ్యాన్ పిల్లల్ని స్కూళ్ల దగ్గర ఎక్కించుకుని తెచ్చి దింపుతూనే ఉంటుంది, ఆ వ్యాన్‌లో పిల్లలకి బెల్టు పెట్టేది, దింపేటప్పుడు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేది కూడా సాబొమ్‌నిమే, అంటే అక్కడి మాస్టారే. ఇక్కడ తైక్వాండో అంటే ముందు పిల్లలదే. మావాడు ఆరేళ్లప్పుడు చేరాడు, నేను బయట బెంచీ మీద కూర్చుని అద్దంలోంచి చూసేదాన్ని, ఒకరోజు క్వాన్‌జాంగ్‌నిమ్ వచ్చి ఓమొని, ఎనిమిదింటికి పెద్దవాళ్ల క్లాసు ఉంది, మీరెందుకు రాకూడదు అన్నారు. ఓమొని అంటే అమ్మ, పిల్లల తల్లుల్ని ఇక్కడ అలాగే పిలుస్తారు. దోబోక్, అంటే తైక్వాండో డ్రెస్సు, వేసుకుని మ్యాట్ ఎక్కాక మాత్రం నా పేరుతోనే పిలుస్తారు. ఈ దేశంలో నన్ను పేరు పెట్టి పిలిచే చోటు నాకు అదొక్కటే, ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

పెద్దవాళ్లం ఆరుగురం. ఇవాళ నలుగురే వచ్చారు. ఛార్యొత్ అనగానే నిటారుగా నిలబడి ముందు కొరియా జెండాకి క్యొంగ్న్యే, తర్వాత గురువుకి. రోజూ ఆ జెండాకి దణ్ణం పెడుతున్నా కానీ దాన్లో ఏముందో చాలా రోజులు పట్టించుకోలేదు. మధ్యలో ఎరుపు నీలం గుండ్రం ఉంటుంది కదా, అదే తేగుక్, మా పూమ్సేల పేరు అక్కణ్ణుంచే. చుట్టూ నాలుగు మూలల్లో నల్లగీతల గుర్తులుంటాయి, అలాంటివి అసలు ఎనిమిది, ఒక్కో పూమ్సేకి ఒక్కోటి. ఎడమ పైమూలలో మూడు నిండు గీతలు, అంటే ఆకాశం, అది ఇల్జాంగ్ గుర్తు. దానికి సరిగ్గా ఎదురు, కుడి కిందిమూలలో మూడూ విరిగిన గీతలే, అది భూమి, ఆఖరిదైన పల్జాంగ్ గుర్తు. మిగతా రెండు మూలల్లో నీళ్లు, నిప్పు, అంటే ఆరోది, మూడోది. ఇది తెలిసినప్పట్నుంచి జెండా వైపు చూస్తే నాకు ఆ మూల నుంచి ఈ మూలకి గీత గీసినట్టు నా రెండేళ్లు కనపడతాయి. పరీక్షలో పల్జాంగ్ ఎలాగూ చెయ్యాలి, దాంతో పాటు ఒకటి నుంచి ఏడు దాకా ఏది చెయ్యాలో ఆ రోజే చెప్తారు అని మా క్వాన్‌జాంగ్‌నిమ్ చెప్పారు. ఇల్జాంగ్ రావాలని అందరూ కోరుకుంటారు. ఇవాళ్టి దాకా నేనూ అదే కోరుకున్నా.

జున్బి, షిజాక్, అంటే సిద్ధం, మొదలు. చేశాను. బావుందనే అనుకున్నా. ఆయన ఏం అనలేదు, లోపలికెళ్లి నీలం టేపు తెచ్చి నేల మీద చిన్న ప్లస్ గుర్తులాగ అంటించి, దాని మీద నిలబడి చెయ్యి అన్నారు. ఏ పూమ్సే అయినా మొదలుపెట్టిన చోటే ఆగాలి, ఆ నియమం నాకు మొదటి వారమే చెప్పారు. చేశాను, ఆఖరి గుద్దు, దాంతో పాటు కిహాప్ అనే అరుపు, బారో అనగానే తిరిగి నిలబడి కిందకి చూస్తే టేపు నాకు ముందు ఉంది. సరిగ్గా ఒక పాదం దూరం. దాషి, అన్నారు. అంటే మళ్ళీ. మళ్ళీ చేశా, మళ్ళీ అంతే. దాషి. నాలుగోసారి కావాలని చిన్న చిన్న అడుగులేసి టేపు మీదకే వచ్చి ఆగా, ఆయన తల అడ్డంగా ఊపారు, టేపు కోసం చెయ్యొద్దు అన్నారు. ఏడోసారికి నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి, నిజంగా. వాళ్లు ముగ్గురూ పక్కన ప్యాడ్లు పట్టుకుని టపటపా తన్నుకుంటుంటే నేను మూలన ఇల్జాంగ్‌తో కుస్తీ.

అప్పుడు నన్ను కొలవమన్నారు. ఇల్జాంగ్‌లో ఎక్కువ భాగం అప్‌సొగి, మామూలుగా నడుస్తూ నడుస్తూ ఆగిపోయినట్టు నిలబడ్డం, అది మూడు పాదాల పొడవు. మధ్య గీత మీద ముందుకి వెళ్లేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం అప్‌కుబి, ముందు మోకాలు వంచి వెనక కాలు చాపి నిలబడ్డం, అది నాలుగు, నాలుగున్నర పాదాలు. కిందకి చూస్తే మోకాలూ కాలి వేలూ ఒకే గీతలో కనపడాలి. వెళ్లేటప్పుడు రెండు అప్‌కుబిలు, వచ్చేటప్పుడు రెండు, లెక్క అక్కడికి సరిపోవాలి. మొదటి అప్‌కుబిలో నన్ను అలాగే ఆగమని, వెనక పాదం ఉన్న చోట టేపు, ముందు పాదం ఉన్న చోట టేపు అంటించి, ఇప్పుడు మడమకి వేలు ఆనించి నడువు అన్నారు. ఒకటి, రెండు, మూడు, ఇంకొంచెం. నాలుగు కూడా రాలేదు. అదే వచ్చేటప్పటి అప్‌కుబి కొలిస్తే నాలుగున్నర దాటింది.

అంటే నేను వెళ్లేటప్పుడు భయం భయంగా పొట్టి అడుగులేస్తున్నా, ఆఖర్లో అయిపోతోంది కదా అని, కిహాప్ ఇవ్వాలి కదా అని బారుగా సాగదీసి పడుతున్నా. రెండేళ్లుగా ఇదే చేస్తున్నానన్నమాట, ఇల్జాంగ్‌లోనే కాదు, అన్నిట్లో. ఆరోది, యుక్‌జాంగ్, ఎప్పుడూ గోడకి దగ్గరగా ముగుస్తుంది నాకు, గది చిన్నదనుకునేదాన్ని.

అది తెలిశాక నాకు బాధేయలేదు, పైగా గుండెల మీంచి ఏదో దించినట్టయింది. ఎందుకో రాసుకోవాలి. చిన్నప్పుడు గుంటూరులో ఏడో తరగతి వేసవి సెలవుల్లో కరాటే క్లాసులో చేరాను, గ్రౌండ్‌లో మట్టిలో నూట యాభై మందిమి, మూడు నెలలకి ఒక బెల్టు, బెల్టుకి ఇంత అని ఫీజు. నాన్న మూడుసార్లు కట్టారు. నా కాలు ఎక్కడ పడుతుందో చూసినవాళ్లు అక్కడ ఒక్కరు లేరు, తప్పు చేశావని కూడా ఎవరూ అనలేదు, స్టేజీ మీద వరసగా పిలిచి మెడలో వేసేశారు. గోధుమరంగు బెల్టు ఇప్పటికీ అమ్మ బీరువాలో ఉంది. అది చూస్తే నాకు సంతోషం వేసేది కాదు, ఎవరిదో దాచిపెట్టినట్టుండేది. ఇవాళ అరవై దాటిన మనిషి మోకాళ్ల మీద వంగి నా మడమ దగ్గర టేపు అంటించారు. చిన్నప్పుడు ఆయన నేర్చుకున్నవి అసలు ఈ తేగుక్ పూమ్సేలు కూడా కావంట, ఫల్‌గ్వే అని వేరే ఎనిమిది ఉండేవి, 1970ల మొదట్లో ఇవి వచ్చాక అవన్నీ పక్కనపెట్టి మళ్ళీ ఇల్జాంగ్ నుంచి మొదలుపెట్టారంట. మామూలుగా చెప్పేసి నీళ్లు తాగారు.

వసంతంలో జరిగిన పరీక్షకి ఆయన నా పేరు పంపలేదు. నాతో చేరిన ఇద్దరివి పంపి నాది ఆపారు, అప్పుడు వారం రోజులు మొహం మాడ్చుకుని తిరిగాను, మావాడి ముందు తలెత్తుకోలేకపోయా. ఇక్కడ 1 దన్‌కి ఏడాది చాలు అంటారు, పిల్లలయితే మూడో తరగతికల్లా 1 పూమ్ తెచ్చేసుకుంటారు. పదిహేనేళ్లలోపు వాళ్లకి దన్ అనరు, పూమ్ అంటారు, బెల్టు కూడా సగం ఎరుపు సగం నలుపు, పదిహేను నిండాక దాన్నే దన్‌గా మార్చుకోవచ్చు. మావాడికి పోయినేడాదే 1 పూమ్ వచ్చింది, కాబట్టి దోజాంగ్‌లో వాడే నాకు సీనియర్, వరసలో వాడు ముందు నిలబడాలి, నేను వెనక. వాడు వేళ్ల మీద లెక్కేసి చెప్తాడు, ఒకటి నుంచి రెండుకి ఏడాది ఆగాలి, రెండు నుంచి మూడుకి రెండేళ్లు, మూడు నుంచి నాలుగుకి మూడేళ్లు, అంటే అమ్మా నువ్వు 4 దన్ అయ్యేసరికి నీకు నలభై ఐదు అని. నలభై ఐదు ఎలాగూ వస్తుంది కదరా, ఆ దన్‌తో కలిసి వస్తే మంచిదేగా అన్నాను.

పోయిన ఏప్రిల్‌లో వాణ్ణి తీసుకుని షిన్‌బున్‌దాంగ్ లైన్ ఎక్కి సోల్‌లోని గంగ్నమ్‌లో దిగి తైక్వాండో ప్రధాన కేంద్రం కుక్కివోన్ చూసొచ్చాం. 12వ ఎగ్జిట్‌లోంచి బయటికొచ్చి అద్దాల బిల్డింగుల మధ్యలోంచి ఎత్తుగా ఎక్కుతూ పోతే పైన పాతకాలం పెంకుల కప్పుతో కనపడుతుంది, 1972లో కట్టింది. ప్రపంచంలో ఏ మూల కుక్కివోన్ దన్ తీసుకున్నా ఆ సర్టిఫికెట్ ఇక్కణ్ణుంచే వెళ్తుందని తలుచుకుంటే ఒళ్లు జలదరించింది. మా పరీక్ష ఇక్కడే సువాన్‌లో జిమ్నాజియంలో, సర్టిఫికెట్ మాత్రం అక్కణ్ణుంచి. నా పేరు కొరియన్ అక్షరాల్లో ఎలా రాస్తారో అప్లికేషన్‌లో చూశాను, మా ఇంటిపేరు వాళ్ల గళ్లల్లో పట్టలేదు, సాబొమ్‌నిమ్ ఓపిగ్గా మూడుసార్లు రాసి సరిచేశాడు.

కిహాప్ సంగతి కూడా రాయాలి. ఇల్జాంగ్‌లో ఒక్కటే కిహాప్, ఆఖరి గుద్దుతో. మొదటి ఆరు నెలలు నా గొంతు పెగల్లేదు, మా నానమ్మ ఆడపిల్ల గొంతు గుమ్మం దాటకూడదు అనేది, ముప్ఫై ఏళ్లు దాటనివ్వలేదు నేను. ఇప్పుడు దాటుతోంది. అయితే ఆ అరుపు ఇచ్చే ఊపులోనే నా ఆఖరి అడుగు సాగిపోతోందని ఇవాళే తెలిసింది, కాలు నేలకి ఆనాక, తుంటి తిరిగి పిడికిలి ఆగే క్షణానికి కిహాప్ రావాలి, నాకేమో కాలు గాల్లో ఉండగానే వచ్చేస్తోంది. రెండూ ఒక్క తప్పే, కాకపోతే ఇన్నాళ్లూ వేరు వేరు అనుకున్నా.

ఇంటికొచ్చి పప్పు వేడిచేసి వాళ్లిద్దరికీ పెట్టి, పదింటికి మావాణ్ణి తీసుకుని కిందకెళ్లా, పిల్లలు ఆడుకునే రబ్బరు నేల ఉంది కదా అక్కడికి. చలి. కుడికాలి కింద ఇక్కడి నూరు వన్‌ల నాణెం బిళ్ల పెట్టా, దాని మీదున్న నౌకాదళ సేనాని ఇ సున్‌షిన్ బొమ్మ పైకి. వాడు ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డాడు. ఆ టైములో అరిస్తే ఎవరైనా గార్డుని పిలుస్తారని కిహాప్ ఊపిరితోనే వదిలా. మొదటిసారి బిళ్ల ముందే ఉండిపోయింది. వాడు సాబొమ్‌నిమ్‌లాగ చేతులు వెనక్కి కట్టుకుని దాషి అన్నాడు. రెండోసారి కొంచెం నయం. మూడోసారి తిరిగేటప్పుడు మడమ మీద తిరిగా, పాదం ముందు భాగం మీద తిరగాలి, అడుగంతా పక్కకి పోయింది. నాలుగోసారి వెళ్లేటప్పటి రెండు అప్‌కుబిలు మనసులో నాలుగున్నర, నాలుగున్నర అనుకుంటూ మోకాలు వేలి మీదకి వచ్చేదాకా వంచి వేశా, తొడలు మండిపోయాయి, వచ్చేటప్పుడు తొందరపడలేదు, కాలు ఆనింది, అప్పుడు ఊపిరి వదిలా, తిరిగి నిలబడ్డా.

వాడు లైటు నేల మీద అటూ ఇటూ తిప్పుతున్నాడు. అమ్మా, కాయిన్ ఏదీ, కనపడట్లేదు అన్నాడు. నా బొటనవేలి కింద చల్లగా తగులుతోంది.

తర్వాత రెండుసార్లు చేస్తే రెండుసార్లూ తప్పింది. రేపు క్లాసు లేదు. ఎల్లుండి మళ్ళీ టేపు అంటిస్తానన్నారు, ఈసారి పల్జాంగ్‌కి.