కత్తి పట్టని అఓయి

ఆదివారం. నాలుగున్నరకే తమ్ముడిని లేపి, నానిన శనగలు, రెండు ఉడికించిన గుడ్లు బ్యాగులో పెట్టి హనుమకొండ స్టేడియానికి పంపాను. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం వాడి ప్రాక్టీస్.

మధ్యాహ్నం నుంచి ఒకటే వాన. అమ్మ సర్వపిండి పెట్టింది. వాడు ఫోన్‌లో డీమన్ స్లేయర్ అనే జపాన్ యానిమే సిరీస్ మళ్లీ మొదటి నుంచి వేశాడు. 2025 సెప్టెంబర్‌లో దాని సినిమా ఇన్ఫినిటీ కాజిల్ తెలుగులో చూసినప్పటి నుంచీ వాడికి అదే లోకం. రాక్షసులను చంపే దళంలో అందరికంటే గొప్ప కత్తివీరులైన హషిరాలంటే వాడికి ప్రాణం. నా కళ్లు మాత్రం పక్కన ఉండే మనుషుల మీదే ఉంటాయి. మొదటి ఎపిసోడ్‌లో సబురో అనే ముసలాయన, రాత్రి రాక్షసులు తిరుగుతారని హీరో తంజిరోను తన ఇంట్లో పడుకోబెట్టుకుంటాడు. తనవాళ్లందరినీ పోగొట్టుకుని ఒంటరిగా బతికే మనిషి. ఆయన పిలవకపోతే ఆ రాత్రి రాక్షసుడి చేతిలో తంజిరో కూడా ఇంట్లోవాళ్లతో పాటే పోయేవాడు. ముఖానికి నల్లగుడ్డ కట్టుకునే కకుషీలు, అంటే ఆ దళానికి సాయపడేవాళ్లు, గాయపడ్డవాళ్లను మోసుకెళ్తారు. వాళ్ల పేర్లు కూడా మనకు పెద్దగా తెలియవు.

అందరికంటే నాకు అఓయి అనే అమ్మాయి ఇష్టం. దళంలో చేరడానికి పెట్టే ఫైనల్ సెలెక్షన్ పరీక్షలో బతికి బయటపడింది, కానీ ఆ తర్వాత భయంతో యుద్ధానికి వెళ్లలేకపోయింది. సీతాకోకచిలుకల భవనంలో గాయపడ్డవాళ్లకు చేదు మందులు తాగిస్తూ, మళ్లీ లేచి నిలబడేదాకా సేవ చేస్తుంది. తాను దేనికీ పనికిరానని కుమిలిపోతుంటే తంజిరో ఏమంటాడు? నాకు సాయం చేశావు కాబట్టి నువ్వు నాలో భాగమే, నీ మనసును నాతో యుద్ధానికి తీసుకెళ్తానని అంటాడు. ఆ సీన్ దగ్గర ఫోన్ ఆపమన్నాను.

2022 పోలీసు నోటిఫికేషన్‌లో నేను ప్రిలిమ్స్ పాసయ్యాను. గ్రౌండ్‌లో 800 మీటర్ల పరుగులో సగానికే పక్కకు వచ్చేశాను. కాలు మెలికపడిందని ఇంట్లో చెప్పాను. కాలికేం కాలేదు. విజిల్ వినగానే చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు, భయమేసింది. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పని ఆ మాట ఇవాళ తమ్ముడికి చెప్పేశాను.

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. "తెలుసక్కా. ఆ రోజు నువ్వు కుంటుకుంటూ రాలేదు కదా" అన్నాడు. మళ్లీ ప్లే నొక్కి, తన పళ్లెంలోని సర్వపిండి సగం విరిచి నా పళ్లెంలో వేశాడు.

వాన ఇంకా తగ్గలేదు. రేపు ట్రాక్ తడిగా ఉంటుందేమో. అయినా శనగలు నానబెట్టాను.