తిథి లైబ్రరీ: ఫైలు పేర్లతో గడిచిన వారాంతం

శనివారం, మారతహళ్లి, బెంగళూరు.

తిథులు లెక్కగట్టే చిన్న సీ లైబ్రరీ (వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్) రాస్తున్నాను. సూర్యచంద్రుల మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. ఆ లెక్క పోయిన నెలే కుదిరింది. ఇప్పుడు పని దాన్ని నా లినక్స్‌లో, బావగారి మ్యాక్‌లో, తమ్ముడి విండోస్‌లో ఒకేలా నడిపించడం.

కోడ్‌ను బిల్డ్ చేయించే టూల్ సీమేక్‌లో టార్గెట్ (తయారు కావాల్సిన లైబ్రరీ) పేరు 'తిథి' అని మాత్రమే ఇవ్వాలి. ముందు 'లిబ్' నేనే చేర్చితే 'లిబ్‌లిబ్‌తిథి' తయారైంది. ముందు వచ్చేది, చివర వచ్చేది సీమేకే చూసుకుంటుంది.

లినక్స్‌లో వెర్షన్ 1.2.0, ఎస్ఓవెర్షన్ (పాత ప్రోగ్రామ్‌లతో పొసగుతుందో లేదో చెప్పే అంకె) 1 ఇచ్చాను. అసలు ఫైలు లిబ్‌తిథి.ఎస్ఓ.1.2.0. దానికి రెండు సింలింకులు (అసలు ఫైలును చూపించే మారుపేర్లు): అంకె లేనిది ప్రోగ్రామ్‌ను లైబ్రరీతో లింక్ చేసేటప్పుడు (కలిపేటప్పుడు), '.ఎస్ఓ.1' ప్రోగ్రామ్ నడిచేటప్పుడు. ఈ రెండోది సోనేమ్, ఫైలు లోపలే రాసి ఉంటుంది. నమ్మకం కుదరక ఫైలు పేరు మార్చి, దానితోనే మళ్లీ లింక్ చేశాను. అయినా ప్రోగ్రామ్ లిబ్‌తిథి.ఎస్ఓ.1 కావాలనే అడిగింది. ఫైలు లోపలి వివరాలు చూపే 'రీడ్‌ఎల్ఫ్ -డి' కమాండ్ కొడితే ఆ పేరు కనబడుతుంది. నాకు ఈ వారం బాగా పట్టుబడింది ఇదే: ఫైలుకు బయట పెట్టిన పేరు వేరు, లోడర్ (ప్రోగ్రామ్ మొదలైనప్పుడు లైబ్రరీలను తెచ్చిపెట్టేది) వెతికే పేరు వేరు.

అందుకే ఆ సోనేమ్ అంకెను ఊరికే పెంచకూడదు. తప్పులు దిద్దినంత మాత్రాన 1 అలాగే ఉండాలి. కానీ సూర్యోదయ తిథి ఫంక్షన్‌కు ఈ రోజు ఊరి అక్షాంశ రేఖాంశాలు చేర్చాను. పాత ప్రోగ్రామ్‌లు దాన్ని పిలిస్తే తప్పుడు జవాబు వస్తుంది. కాబట్టి ఎస్ఓవెర్షన్ 2, వెర్షన్ 2.0.0.

ఆదివారం.

మ్యాక్‌లో అంకె మధ్యలోకి వస్తుంది: లిబ్‌తిథి.2.డైలిబ్. ఇన్‌స్టాల్ చేశాక బావగారికి 'లైబ్రరీ లోడ్ కాలేదు' అని వచ్చింది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సీమేక్ బిల్డ్ ఫోల్డర్ దారిని తీసేస్తుంది. ప్రోగ్రామ్‌కు ఇన్‌స్టాల్ ఆర్‌పాత్ (లైబ్రరీని ఎక్కడ వెతకాలో చెప్పే దారి) ఇచ్చాక సరిపోయింది.

అసలు టెన్షన్ విండోస్‌లో. "అన్నా, డీఎల్ఎల్ డిలీట్ చేశాను, అయినా తిథి చూపిస్తోంది" అన్నాడు తమ్ముడు. డీఎల్ఎల్ అంటే విండోస్‌లో ప్రోగ్రామ్ నడిచేటప్పుడు లోడ్ అయ్యే లైబ్రరీ ఫైలు. విజువల్ స్టూడియోలో దానికి తోడుగా వచ్చే, లింక్ చేసేటప్పుడు వాడే ఇంపోర్ట్ లైబ్రరీ పేరు తిథి.లిబ్. ప్రోగ్రామ్‌లోనే కలిసిపోయే స్టాటిక్ లైబ్రరీకీ నేను అదే పేరు పెట్టాను. ఒకదాని మీద ఇంకొకటి పడి, ప్రోగ్రామ్‌లోకి స్టాటిక్ కోడే చేరిపోయింది. విండోస్‌లో మాత్రం స్టాటిక్‌ది 'తిథి_స్టాటిక్' అని మార్చాను.

ఇంకొకటి: ఎస్ఓవెర్షన్ ఇచ్చినా విండోస్‌లో ఫైలు పేరు మారదు. అక్కడ సీమేక్ సెట్టింగ్ 'రన్‌టైమ్_అవుట్‌పుట్_నేమ్'లో 'తిథి-2' అని ఇచ్చాను. రాత్రి పదింటికి తమ్ముడు డంప్‌బిన్ (ప్రోగ్రామ్‌కు ఏ డీఎల్ఎల్‌లు కావాలో చూపే టూల్) నడిపితే తిథి-2.డీఎల్ఎల్ కనబడింది. ఈసారి దాన్ని తీసేస్తే ప్రోగ్రామ్ ఆగిపోయింది, నాకు కావలసింది అదే.

వచ్చే శనివారం పైథాన్ సీటైప్స్ (సీ లైబ్రరీలను పిలిచే మాడ్యూల్) నుంచి పిలిచి చూస్తాను. అక్కడ మూడు సిస్టమ్‌లకూ మూడు పేర్లు చేత్తో రాయాల్సిందే.