‘రోజుకోసారి’ అంటే ఎన్ని గంటలకు?

ఆదివారం ఉదయం

ఈరోజు పెట్టుకున్నది ఒక్కటే పని. నెక్స్ట్‌క్లౌడ్ (ఫైళ్లు దాచుకుని పంచుకోడానికి సొంత సర్వర్‌లో పెట్టుకునే సాఫ్ట్‌వేర్) సర్వర్‌లో ఎవరైనా ఫైల్ పంచుకున్నా, మార్చినా ఆ కబురు మిగతావాళ్లకు ఈమెయిల్‌లో వేళకు అందాలి.

మొదట చూడాల్సింది మెయిల్ సెట్టింగ్స్ కాదు, క్రాన్, అంటే చెప్పిన వేళకు పనులు వాటంతటవే నడిపించే ఏర్పాటు. కొత్త ఇన్‌స్టాలేషన్‌లో నేపథ్య పనులు ఏజాక్స్ పద్ధతిలో ఉంటాయి. ఎవరో ఒకరు బ్రౌజర్‌లో పేజీ తెరిస్తేనే, అదీ తెరిచినప్పుడల్లా ఒక్కో పని చొప్పున, ముందుకు కదులుతాయి. రాత్రంతా ఎవరూ రాకపోతే మెయిళ్లు క్యూలోనే పడుంటాయి. అందుకని అడ్మిన్ పేజీలో ‘క్రాన్’ ఎంచుకుని, క్రాన్‌టాబ్‌లో (ఆ వేళలు రాసే పట్టికలో) */5 * * * * లైన్‌తో క్రాన్ డాట్ పీహెచ్‌పీ అనే నెక్స్ట్‌క్లౌడ్ ఫైల్‌ని ఐదు నిమిషాలకోసారి నడిపించాలి. ఈ లైన్ రూట్ (సర్వర్ ప్రధాన యూజర్) పేరుతో రాస్తే నడవదు. కాన్ఫిగ్ ఫైల్ (నెక్స్ట్‌క్లౌడ్ సెట్టింగ్స్ ఉండేది) ఎవరిదో ఆ యూజర్ క్రాన్‌టాబ్‌లోనే ఉండాలి. ఉబుంటులో అది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా. కాష్‌కి (తరచూ వాడే డేటాను చేతికందేలా ఉంచడానికి) ఏపీసీయూ అనే పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్ వాడుతుంటే దాన్ని కమాండ్ లైన్ పీహెచ్‌పీకి కూడా ఆన్ చేయాలి. లేకపోతే బ్రౌజర్‌లో అంతా బాగానే కనిపిస్తుంది, క్రాన్‌కి మాత్రం ఇబ్బంది రావచ్చు. ‘చివరిసారి నడిచింది’ అన్నచోట ఐదు నిమిషాలు దాటకుండా ఉంటేనే తర్వాతి పనికి వెళ్లాలి.

మధ్యాహ్నం

ఎస్‌ఎమ్‌టీపీ, అంటే మెయిల్ బయటికి పంపే పద్ధతి. పోర్ట్ 587 అయితే స్టార్ట్‌టీఎల్‌ఎస్, 465 అయితే ఎస్‌ఎస్‌ఎల్ (రెండూ గుప్తీకరణ పద్ధతులే). ఈ రెండూ తారుమారైతే సరైన ఎర్రర్ కూడా రాకపోవచ్చు, టైమవుట్ అయ్యేదాకా తిరుగుతూనే ఉండొచ్చు. జీమెయిల్ ద్వారా పంపాలంటే మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు. టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. టెస్ట్ మెయిల్ వెళ్లేది అడ్మిన్ సొంత ప్రొఫైల్‌లో ఉన్న చిరునామాకే కాబట్టి దాన్ని ముందే నింపుకోవాలి.

టెస్ట్ మెయిల్ వచ్చినంత మాత్రాన పని అయిపోదు. క్రాన్ పంపే మెయిల్‌లోని లింకు లోకల్‌హోస్ట్‌కి (తెరిచినవాళ్ల సొంత కంప్యూటర్‌కే) పోవచ్చు, ఎందుకంటే క్రాన్ నడిచేటప్పుడు బ్రౌజర్ ఉండదు, సర్వర్‌కి తన బయటి చిరునామా తెలియదు. కాన్ఫిగ్‌లో ‘ఓవర్‌రైట్ డాట్ సీఎల్ఐ డాట్ యూఆర్ఎల్’ దగ్గర పూర్తి డొమైన్ రాస్తే ఇది సరిపోతుంది.

ఇక అసలు చిక్కు. యాక్టివిటీ సెట్టింగ్స్‌లో ‘రోజువారీ’ ఎంచుకున్నవాళ్లు మెయిల్ ప్రతి ఉదయం వస్తుందని అనుకుంటారు. లెక్క అలా లేదు. క్యూలో చేరిన ప్రతి మార్పుకూ అది జరిగిన సమయానికి 86,400 సెకన్లు కలిపి గడువు పెడతారు. సోమవారం రాత్రి 11కి ఫైల్ మారితే మెయిల్ కదిలేది మంగళవారం రాత్రి 11 దాటాకే. ఆలోపు పోగైనవి కూడా దాంతోనే వెళ్తాయి. ఆఫీసు పనికి ఇది దాదాపు వృథా, పొద్దున చూడాల్సింది నిద్రవేళకు వస్తుంది.

మందు ఉంది. ఓసీసీ (నెక్స్ట్‌క్లౌడ్ కమాండ్ లైన్ సాధనం) కమాండ్లలో ‘యాక్టివిటీ:సెండ్-మెయిల్స్’ ఒకటి. దాని పక్కన డైలీ అని రాసి క్రాన్‌టాబ్‌లో 30 7 * * * వేళకు పెడితే, రోజువారీ ఎంచుకున్నవాళ్ల క్యూ అంతా ఉదయం ఏడున్నరకు వెళ్తుంది. వీక్లీ అని రాసి 30 7 * * 1 పెడితే సోమవారం ఉదయం. ఏ మాటా రాయకపోతే క్యూలో ఉన్నదంతా అప్పటికప్పుడే పోతుంది. ఇది పరీక్షకు పనికొస్తుంది కానీ జనం వాడుతున్న సర్వర్ మీద తొందరపడి కొట్టకూడదు.

సాయంత్రం

అద్దె సర్వర్ల గడియారం చాలావరకు యూటీసీలోనే (మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలోనే) ఉంటుంది. అక్కడ 7:30 అంటే మనకు మధ్యాహ్నం ఒంటిగంట. సర్వర్‌ని ఏషియా/కోల్‌కతాకి మార్చి క్రాన్ సర్వీసును రీస్టార్ట్ చేయాలి, లేదంటే అది పాత సమయాన్నే పట్టుకుని ఉంటుంది. గడియారం ముట్టుకోవడం ఇష్టంలేకపోతే 0 2 * * * అని రాసినా చాలు.

సర్వర్ సమయం మార్చినా మెయింటెనెన్స్ విండో (బరువైన నేపథ్య పనులకు కేటాయించే నాలుగు గంటలు) మొదలయ్యే అంకె మాత్రం ఎప్పుడూ యూటీసీయే. అక్కడ 1 అని పెడితే బరువైన పనులు మన ఉదయం 6:30 నుంచి 10:30 దాకా, సరిగ్గా అందరూ ఫైళ్లు తెరిచే వేళలో నడుస్తాయి. 19 అని మార్చాను, అర్ధరాత్రి 12:30 నుంచి 4:30 వరకు. ఇక ఏడున్నర మెయిల్‌కి అడ్డు లేదు.